తారు లేని తోవ

సకల జనుల సమ్మె ఇరవై ఐదో రోజున, ఎల్బీ నగర్ చౌరస్తాలోని దీక్షా శిబిరంలో, సీతారాములు మోకాళ్ళ నొప్పులు మొదలుపెట్టాడు.

ముందు కుర్చీలోంచి లేస్తూ పక్కవాడి భుజం పట్టుకున్నాడు. మైకు దగ్గరికి కొంచెం కుంటుతూ వెళ్ళాడు. మాట్లాడి వచ్చి కూర్చుంటూ, పక్కన ఇద్దరికి వినబడేలా "అమ్మా" అన్నాడు. శిబిరం కన్వీనర్ తిరుపతి సీతారాములు కన్నా పదిహేనేళ్ళు చిన్నవాడు, ఎవరు టీ తాగలేదో కూడా గుర్తుపెట్టుకునే మనిషి. వెంటనే కుర్చీ లాక్కుని పక్కకు వచ్చాడు.

"ఏమైందన్నా?"

"మోకాళ్ళు, తమ్మీ. కేరళల మంచి వైద్యం ఉన్నదట. ఆరు దినాలు తైలం పెడితే నయమైతదంటుండ్రు. రేపు పోయి ఒస్తా."

సీతారాములు ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంట్. యాభై నాలుగేళ్ళు. రామన్నపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి అల్మాస్‌గూడలో ఇల్లు కట్టుకున్నాడు. అతని మోకాళ్ళకు ఏ జబ్బూ లేదు. పైగా, సమ్మె ముగిసేదాకా ఏ ఉద్యోగీ విందులకు, విహారాలకు పోరాదని నాలుగు రోజుల కిందట ఇదే మైకులో తీర్మానం పెట్టింది అతనే. చప్పట్లు బాగా పడ్డాయి. ఆ చప్పట్ల సంగతి ఇంటికి వెళ్ళి భార్య యాదలక్ష్మికి చెప్పుకుంటే, ఆమె బియ్యంలో రాళ్ళేరుతూ తలెత్తకుండా, "మరి అండమాన్ టికెట్లు?" అని అడిగింది.

ఆ టికెట్లు మే నెలలో కొన్నవి. వాపసు కావు. అప్పుడు సమ్మె ఊసే లేదు. పెళ్ళయిన కొత్తలో సముద్రం చూపిస్తానని యాదలక్ష్మికి మాట ఇచ్చాడు. ముప్పై ఏళ్ళలో ఆమె చూసిన అతి పెద్ద నీళ్ళు నాగార్జునసాగర్.

"తెలంగాణ ఒచ్చినంక పోదాం" అన్నాడు సీతారాములు.

"ఒచ్చేదాక సముద్రం ఆగుతది. నేను ఆగ. నీకు పనుంటే ఉండు, నేను పోత."

ఆమెను ఒక్కదాన్నే సముద్రం మీదికి పంపే ధైర్యం అతనికి లేదు. అసలు మాట చెప్పాలంటే అతనికీ పోవాలనే ఉంది. అందుకని మోకాళ్ళు అడ్డం పెట్టుకున్నాడు.

తిరుపతి అంతటితో ఊరుకోలేదు. మైకు తీసుకుని, "మన సీతారాములన్న వైద్యానికి పోతున్నడు. ఆయన మోకాళ్ళు జల్ది మంచిగ కావాలని అందరం కోరుకుందాం" అన్నాడు. వందమంది కోరుకున్నారు. రోజూ శిబిరానికి వచ్చే అండాలమ్మ అనే పెద్దావిడ ఇంటికి పోయి సంచీ నిండా వావిలాకు తెచ్చి ఇచ్చింది. నీళ్ళల్లో మరిగించి కాపడం పెట్టుకోమని మూడుసార్లు చెప్పింది. సీతారాములు ఆ సంచీ పట్టుకుని, ఎల్బీ నగర్ దాటేవరకు కుంటుకుంటూ పోయాడు.

ఇంకొకరికి కూడా ఈ ప్రయాణం తెలియకూడదని అతను గట్టిగా అనుకున్నాడు. ఆ ఒకరు పక్కింటి బాపిరాజు. భీమవరం దగ్గరి ఊరివాడు, దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్ నడుపుతాడు, లెక్కలు తనే చెబుతాడు. ఇరవై ఏళ్ళ కిందట ఇద్దరూ ఒకే నెలలో పునాదులు తీశారు. ఒకే మేస్త్రీతో గొడవపడ్డారు. రెండేళ్ళ కిందటి డిసెంబరులో గేటు దగ్గర నిలబడి రాష్ట్రం గురించి మొదలుపెట్టిన మాట ముదిరి, ఆనాటి నుంచి మాటలు లేవు. ఎదురుపడితే ఇద్దరూ ఆకాశం చూసేవారు. భార్యలిద్దరూ మాత్రం గోడ మీద నుంచి పప్పు గిన్నెలు, పచ్చళ్ళు మార్చుకుంటూనే ఉన్నారు. మగవాళ్ళు ఆ పచ్చళ్ళు తిని, ఎక్కడివని అడిగేవారు కాదు.

బస్సులు లేవు. తెల్లవారుతుండగా ఆటో మాట్లాడుకుని విమానాశ్రయానికి బయలుదేరారు. తెలిసినవాళ్ళు చూస్తారని సీతారాములు తలకు తువ్వాలు చుట్టుకుని ముఖం లోపలికి పెట్టుకున్నాడు. "దొంగతనానికి పోతున్నట్టున్నది" అంది యాదలక్ష్మి. విమానాశ్రయంలో సంచీ తెరిపించి, ఈ ఆకులేమిటని అడిగారు. మోకాళ్ళకు అని చెప్పాడు. అప్పటిదాకా మామూలుగా నడిచి వచ్చిన అతను, ఆ మాట అన్నాక అక్కడ కూడా కుంటవలసి వచ్చింది.

చెన్నై మీదుగా పోర్ట్ బ్లెయిర్ చేరి, మర్నాడు నీల్ అనే చిన్న ద్వీపానికి ఓడ ఎక్కారు. ఓడ కదిలిన పది నిమిషాలకు పసుపుపచ్చ టోపీలు పెట్టుకున్న ముప్పైమంది టూరు బృందం పై మెట్ల మీద నుంచి దిగింది. అందరూ తెలుగువాళ్ళే. ఒకాయన ఫోన్‌లో, "హయత్‌నగర్ల కరెంటు ఒచ్చిందా? ఎల్బీ నగర్ల పోయిందంటుండ్రు" అని గట్టిగా మాట్లాడుతున్నాడు.

సీతారాములు సంచీలోంచి ఉన్ని మంకీ క్యాప్ తీసి కళ్ళదాకా లాక్కున్నాడు. అండమాన్ సముద్రం మీద, పట్టపగటి ఎండలో, రెండు గంటలు అలాగే కూర్చున్నాడు. మధ్యలో కడుపు తిప్పి రెయిలింగు దగ్గరికి పోయినప్పుడు కూడా టోపీ తీయలేదు. ఒక పసుపు టోపీ ఆయన జాలిపడి, "హిందీ ఆతా హై?" అని అడిగి నిమ్మకాయ ఇచ్చాడు. సీతారాములు తల ఊపాడే గాని నోరు విప్పలేదు.

ఆ ద్వీపంలో ఊళ్ళ పేర్లు రామ్‌నగర్, సీతాపూర్, లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్. "ఊరంత నీ పేరు మీదనే ఉన్నది" అంది యాదలక్ష్మి. సాయంత్రం భరత్‌పూర్ ఒడ్డుకు పోయారు. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని చీలమండల దాకా నీళ్ళల్లో నిలబడింది. తరువాత ఒంగి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, "నిజంగనే ఉప్పగున్నది" అంది, ఇన్నాళ్ళూ జనం అబద్ధం చెబుతున్నారేమో అనుకున్నదానిలా.

ఆ మాట భర్తకు చెప్పాలని వెనక్కి తిరిగింది. భర్త లేడు. పసుపు టోపీలు వచ్చాయని ఒడ్డున బోర్లించిన పడవ వెనక కూర్చుని ఉన్నాడు.

"రేపు గుడ పడవ ఎన్కనే కూసుంటవా?" అని అడిగింది ఆమె, గదికి వచ్చాక. కోపంగా అడగలేదు. అందుకే అతనికి ఎక్కువ బాధ కలిగింది.

పొద్దున్నే లేచి జెట్టీ దగ్గరి సైకిల్ షాపుకు పోయాడు. నడిపేది నిఖిల్ మండల్ అనే బెంగాలీ. ఒక చైనుకు నూనె వేస్తున్నాడు. సీతారాములు హైదరాబాదు హిందీలో, క్యారేజీ ఉన్న గట్టి సైకిల్ కావాలన్నాడు. తరువాత కాస్త గొంతు తగ్గించి, తారు లేని రోడ్లు ఎటున్నాయని అడిగాడు.

మండల్ నూనె డబ్బా కింద పెట్టాడు. "బీచులన్నిటికీ తారు రోడ్డే ఉంది బాబూ. బాగుంటుంది."

"బాగున్నది నాకొద్దు. జీపులు పోని తోవ కావాలె."

"పదకొండేళ్ళుగా సైకిళ్ళిస్తున్నాను. అందరూ మంచి రోడ్డు అడుగుతారు. చెడ్డ రోడ్డు అడిగినవాళ్ళు నిన్నటిదాకా లేరు. ఈ రోజు పొద్దుట్నుంచి ఇద్దరయ్యారు." నేల మీద పుల్లతో గీసి చూపించాడు. నీళ్ళ ట్యాంకు దగ్గర తారు రోడ్డు వదలాలి. పోకచెట్ల తోట పక్కనుంచి మట్టిబాట. వరి మడులు, కూరగాయల పొలాలు దాటితే అరటి తోట. అక్కడ బాట మలుపు తిరిగి సీతాపూర్ వైపు పోతుంది. "రాత్రి వాన పడింది. బురదుంటుంది" అన్నాడు. ఉండనీ అన్నాడు సీతారాములు. ఆ ఇంకొకరు ఎవరని అడగాలని మాత్రం తోచలేదు.

యాదలక్ష్మి క్యారేజీ మీద ఒక పక్కకు కూర్చుని, ఒక చేత్తో సీటు పట్టుకుంది. నీళ్ళ ట్యాంకు దాకా అతను తల వంచుకునే తొక్కాడు. మట్టిబాట మీదికి తిరిగి వంద గజాలు పోయాక మంకీ క్యాప్ తీసి హ్యాండిల్‌కు తగిలించాడు. గాలి నెత్తికి తగిలింది. బడికి పోయే రోజుల్లో తమ ఊరి నుంచి రామన్నపేటకు ఇలాంటి బాట మీదే తొక్కేవాడు. గుంత ఎక్కడ తప్పించాలో, బురదలో హ్యాండిల్ ఎలా వదులుగా పట్టుకోవాలో కాళ్ళకూ చేతులకూ ఇంకా జ్ఞాపకం ఉంది. ఏటవాలు వచ్చినచోట తొక్కడం ఆపి బండిని దాని మానాన వదిలేశాడు.

"ఆపు, ఆపు" అంది యాదలక్ష్మి. "గవి వంకాయలేనా?"

ఆమె దిగి ఆ పొలం చుట్టూ తిరిగి, మన వంకాయలేనని తేల్చుకుని వచ్చి కూర్చుంది. తరువాత మిరపతోట దగ్గర దిగింది. గోరుచిక్కుడు దగ్గర దిగింది. బురదలో చక్రం కూరుకుపోయి ఇద్దరూ ఒకసారి పక్కకు ఒరిగిపోయారు. లేచి చూసుకుంటే ఆమె చీర మోకాలిదాకా మట్టి. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. తన భార్య నవ్వు ఇంత పెద్దగా ఉంటుందని సీతారాములు మరిచిపోయాడు.

ఆ నవ్వు వింటూ తొక్కుతున్నందువల్లే అరటి తోట దగ్గర మలుపులో బెల్లు కొట్టలేదు. అవతలి నుంచి వస్తున్నవాడు కూడా కొట్టలేదు. రెండు సైకిళ్ళ ముందు చక్రాలు ఒకదానికొకటి తగిలాయి. ఆడవాళ్ళిద్దరూ క్యారేజీల మీద నుంచి ఒడుపుగా దూకారు. మగవాళ్ళిద్దరూ బురదలో పడ్డారు.

"బ్రేకులు లేవాండీ ఆ బండికి?" అంది బురదలోంచి ఒక గొంతు.

"బ్రేకులున్నయి. మీరు నడిమిట్ల ఒస్తుండ్రు" అన్నాడు సీతారాములు.

అన్నాక ఆగాడు. ఆ గొంతు తెలిసిన గొంతే. ఎదుటి మనిషి నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, తలకూ మెడకూ తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. కళ్ళద్దాలు జారి గడ్డం మీదికి వచ్చాయి. బాపిరాజు.

రెండేళ్ళ అలవాటు కొద్దీ ఇద్దరూ ఆకాశం చూశారు.

అప్పుడు యాదలక్ష్మి బాపిరాజు భార్య ఉదయలక్ష్మితో, చాలా మామూలుగా, "వదినా, మీరు ఈ బాటకు రేపు గదా రావాల్సింది?" అంది. వెంటనే నాలుక కరుచుకుంది.

సీతారాములు బురదలో కూర్చునే భార్య వైపు తిరిగాడు. బాపిరాజు తన భార్య వైపు తిరిగాడు. సంగతి బయటపడటానికి ఎక్కువసేపు పట్టలేదు. ఉదయలక్ష్మి పిన్ని కొడుకు టికెట్ల వ్యాపారం చేస్తాడు. నలుగురికి కలిపి తీసుకుంటే తక్కువలో వస్తాయని మే నెలలోనే వదినలిద్దరూ గోడ దగ్గర మాట్లాడుకున్నారు. పక్కింటివాళ్ళూ వస్తున్నారని తెలిస్తే మొగుళ్ళిద్దరూ రారని ఆ సంగతి చెప్పలేదు. ఒకరు చెన్నై మీదుగా, ఒకరు కలకత్తా మీదుగా వచ్చేలా, ఒకే ద్వీపంలో ఈ కొసకు ఒకరు, ఆ కొసకు ఒకరు దిగేలా చూసుకున్నారు. ఈ రోజు ఈ బాట మాకు, రేపు మీకు అని తిరిగే చోట్లు కూడా పంచుకున్నారు.

"మరి నాతో ఒక్క మాటైనా అనలేదేం?" అన్నాడు బాపిరాజు.

"మీరు ఆ పచ్చడి ఎక్కడిదని అడిగారా ఎప్పుడైనా?" అంది ఉదయలక్ష్మి.

అంతలో జీపు హారన్ వినిపించింది. మలుపు అవతల, మట్టిబాట మీద, పసుపు టోపీలు ఊగుతూ కనిపించాయి. తారు రోడ్డు మీద చెట్టు పడిందని డ్రైవరు అడ్డదారి పట్టాడని తరువాత తెలిసింది. సీతారాములు లేచి ఒక్క గెంతులో అరటి తోటలోకి దూకాడు. ఆకు చాటున కూర్చుని చూస్తే, పక్కన బాపిరాజు కూడా ఉన్నాడు.

దోమలు మొదలయ్యాయి. కొట్టుకుంటే చప్పుడవుతుందని ఇద్దరూ ఓర్చుకున్నారు. కొంతసేపటికి బాపిరాజు గుసగుసగా అడిగాడు.

"ఆ జీపులో ఉన్నది మీ హయత్‌నగర్ వాళ్ళే గదండీ. మీకేం భయం?"

"మావోళ్ళయితేనే గదా దాసుకునేది. నేను కేరళల వైద్యం చేయించుకుంటున్న ఇప్పుడు. మీరెందుకు ఉరికిండ్రు?"

బాపిరాజు తటపటాయించాడు. "అందులో నలుగురు మా భీమవరం వైపు వాళ్ళండి. హైదరాబాదులో స్థిరపడ్డవాళ్ళు. నిన్న మా బావమరిది గృహప్రవేశం. రాలేనని కబురు చేశాను. బస్సుల్లేవు, గుమ్మం దాటితే కొడుతున్నారు అని."

"ఎవరు కొట్టిండ్రు మిమ్ముల?"

"ఎవరూ కొట్టలేదండి. అలా చెబితే వాళ్ళు వెంటనే నమ్ముతారు."

సీతారాములుకు మండుకొచ్చింది. గుసగుసలోనే ఎంత కోపం పట్టిస్తే అంత కోపంతో, "మా మీద పెట్టి మీరు అండమాన్ ఒచ్చిండ్రా?" అన్నాడు.

"మీరు మోకాళ్ళ మీద పెట్టి రాలేదాండీ?"

"మోకాళ్ళు నా సొంతానివి."

బాట మీద జీపు ఆగింది. పసుపు టోపీ ఆవిడ ఒకరు, "మీరు తెలుగోళ్ళేనా? మీ సార్లేరీ?" అని అడగడం వినిపించింది. "రూముల పండుకున్నరు. ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులు" అంది యాదలక్ష్మి నదురుబెదురు లేకుండా. అంత బురదలో, చీరల్లో, సైకిల్ పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళిద్దరినీ చూసి ఆవిడకు ముచ్చటేసింది. నిలబడండి అని ఫోన్‌తో ఫోటో తీసుకుంది. జీపు వెళ్ళిపోయింది.

దోమలను కొట్టుకోవడం ముగించి ఇద్దరూ బయటికి వచ్చేసరికి బాట మీద ఒక్క సైకిలే ఉంది. ముందు చక్రం వంగి ఫోర్కుకు రాసుకుంటున్న సైకిల్. బాగున్నది తీసుకుని, యాదలక్ష్మిని వెనక కూర్చోబెట్టుకుని ఉదయలక్ష్మి తొక్కుకుంటూ పోతోంది. అప్పటికే వరి మడి అవతలికి చేరిపోయారు. "సీతాపూర్ బీచుకు రండి" అని ఆమె కేక వినిపించింది.

"మా ఆవిడ కాలేజీకి సైకిల్ మీద వెళ్ళేదండి" అన్నాడు బాపిరాజు, సంజాయిషీ ఇస్తున్నట్టు.

వంగిన చక్రంతో సైకిల్ నడవదు. ఒకరు ముందు హ్యాండిల్ ఎత్తి పట్టుకోవాలి, ఇంకొకరు వెనక నుంచి తోయాలి. ఎవరు ముందు అన్నదాని మీద కొంచెం వాదన జరిగింది. వెనక ఉండటానికి తాము ఇన్నేళ్ళు కొట్లాడలేదని సీతారాములు అన్నాడు. అయితే ముందుకు రండి, బరువంతా ముందే ఉంది అన్నాడు బాపిరాజు. వంద గజాలు మోశాక సీతారాములు వెనక్కి మారాడు. ఆ తరువాత వంద గజాలకొకసారి మారుతూ పోయారు. మండల్ గీసిన దారిలో రెండు బాటలు చీలాయి. లెక్కల మాస్టారు ఎండను బట్టి కుడి వైపన్నాడు. కుడి వైపు పోతే ఒక ఇంటి పశువుల కొట్టం దగ్గర బాట ఆగిపోయింది. ఆ ఇంటి ఆమె ఇద్దరి అవతారం చూసి, ఏమీ అడగకుండా బొప్పాయి పండు కోసి పెట్టి, వచ్చిన దారినే వెనక్కి పొమ్మని చేయి చూపించింది.

కొట్టం అరుగు మీద కూర్చుని పండు తింటుండగా బాపిరాజు కాళ్ళ బురద చూసుకుని అన్నాడు. "మన కాలనీ రోడ్డు కూడా ఇలాగే ఉండేది గదండీ, మనం వచ్చిన కొత్తలో."

"గింత మంచిగ యాడున్నది? మీ స్కూటర్ మూడు దినాలు దిగబడలే?"

"మీరూ నేనూ గునపాలతో తీశాం."

తారు రోడ్డు కోసం ఇద్దరూ కలిసి తొమ్మిదేళ్ళు తిరిగారు. అర్జీ రాసేది బాపిరాజు, పంచాయతీలో మాట్లాడేది సీతారాములు. ఆఫీసులో మాట్లాడే తెలుగు ఇతనిది, చక్కటి దస్తూరి అతనిది. రోడ్డు పడ్డ రోజు రెండిళ్ళలో పాయసం చేశారు. ఆ సంగతులు చెప్పుకుంటూ పండు పూర్తి చేశారు. రాష్ట్రం మాట కూడా వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది. బాపిరాజు తన వాదన చెప్పాడు. సీతారాములు తనది చెప్పాడు. ఎవరూ మారలేదు. అయితే సైకిల్ మోస్తూ వాదించడం కష్టం. ఊపిరి చాలదు. అందుకని ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు వినవలసి వచ్చింది. రెండేళ్ళ కిందట గేటు దగ్గర అది జరగలేదు.

సీతాపూర్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సముద్రం వెనక్కి తగ్గి, ఇసుక తడిగా, గట్టిగా ఉంది. ఆ ఇసుక మీద సైకిల్ అటూ ఇటూ ఊగుతూ వస్తోంది. వెనక ఉదయలక్ష్మి క్యారేజీ పట్టుకుని పరిగెత్తుతోంది. తొక్కుతున్నది యాదలక్ష్మి.

సీతారాములు వంగిన సైకిల్ బాపిరాజు చేతికి వదిలేసి ఉరికాడు. "పడతవ్, పడతవ్" అంటూ హ్యాండిల్ పట్టుకోబోయాడు.

"ఇడువు" అంది యాదలక్ష్మి. ఎదురుగానే చూస్తోంది, పళ్ళు బిగించింది. "నువ్వు పట్టుకుంటేనే పడత."

అతను వదిలాడు. ఉదయలక్ష్మి కూడా ఎప్పుడో వదిలేసిందని ఆమెకు తెలియదు. ముప్పై గజాలు ఒక్కతే పోయి, ఎలా ఆపాలో తెలియక నేరుగా సముద్రంలోకి పోయింది.

మిగిలిన రెండు రోజులూ మండల్ దగ్గర నాలుగు సైకిళ్ళు తీసుకున్నారు. వంగిన చక్రం గురించి అతను ఏమీ అనలేదు గాని, రోజూ పొద్దున్నే ఇంతకన్నా చెడ్డ దారి ఒకటి కనిపెట్టి చెప్పేవాడు. పసుపు టోపీలు మళ్ళీ ఎక్కడా ఎదురుకాలేదు.

తిరిగి వచ్చిన మర్నాడు సీతారాములు శిబిరానికి పోయాడు. ముఖం నల్లగా కమిలిపోయి ఉంది. తైలం వేడి అని చెప్పడానికి సిద్ధమయ్యాడు. ఎవరూ అడగలేదు. అందరూ అతని వైపు అదోలా చూశారు. అండాలమ్మ వచ్చి తల నిమిరింది. తిరుపతి చేయి పట్టుకుని గుడారం వెనక్కి తీసుకుపోయాడు.

"అన్నా, ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు." ఫోన్ తీసి చూపించాడు. అరటి తోట, బురద బాట, సైకిల్ పట్టుకుని నవ్వుతున్న యాదలక్ష్మి, పక్కన ఉదయలక్ష్మి. "హయత్‌నగర్ల మావోళ్ళు టూరు పోయి తీసిండ్రట. నువ్వు గాడ తైలంల పండుకుంటే వదినమ్మ షికారు పోయింది. మూడు దినాల సంది ఇదే ముచ్చట. నువ్వు పరేషాన్ కాకు. మేం నీ దిక్కే ఉన్నం."

సీతారాములు ఫోటో చూస్తూ నిలబడ్డాడు. తల ఊపితే చాలు. వందమంది జాలి అతని మీద కురుస్తుంది, మోకాళ్ళ మాట నిలుస్తుంది. గుడారంలోంచి ఎవరో, "గసొంటి ఆడిదాన్ని ఇంట్లకు రానియ్యొద్దు" అనడం వినిపించింది. అరటి ఆకుల చాటు నుంచి తాను విన్న మాట గుర్తొచ్చింది. రూముల పండుకున్నరు, మోకాళ్ళ నొప్పులు. తన అబద్ధాన్ని ఆమె అక్కడ కూడా కాపాడింది.

అతను మైకు దగ్గరికి పోయాడు. కుంటకుండా పోయాడు. ముందు వరసవాళ్ళు అది గమనించారు.

"నా మోకాళ్ళు మంచిగనే ఉన్నయి" అన్నాడు. "మొదట్నుంచి మంచిగనే ఉన్నయి. నేను కేరళ పోలే, అండమాన్ పోయిన. యాదమ్మను నేనే తోలుకపోయిన. ఫోటో తీసినప్పుడు నేను అరటి చెట్ల ఎన్క దాసుకున్న. తీర్మానం పెట్టింది నేనే, తప్పింది నేనే. మూడు దినాలు నిరాహార దీక్షల కూసుంట. ఆమెను ఎవ్వరూ ఒక్క మాట అనొద్దు."

వెనక వరసలో ఎవరో అరటి చెట్ల మాట తలుచుకుని నవ్వారు. ఆ నవ్వు ముందు వరసకు వచ్చింది. తిరుపతి మాత్రం నవ్వలేదు. గంభీరంగా మైకు తీసుకుని, మూడు దినాల దీక్ష మంజూరు చేస్తున్నానని చెప్పాడు. మైకు ఆపి, "ఫోటోల వదినమ్మ మస్తు సంతోషంగ ఉన్నదన్నా" అని నెమ్మదిగా అన్నాడు. అండాలమ్మ మాత్రం తన వావిలాకు ఏం చేశావని నిలదీసింది.

దీక్ష మొదటి రోజు పొద్దున పది గంటలకు యాదలక్ష్మి ఇంటి పనంతా ముగించుకుని వచ్చింది. చెప్పులు బయట విడిచి, తివాచీ మీద అతని పక్కన కూర్చుంది.

"నువ్వెందుకు?" అన్నాడు సీతారాములు.

"పోయింది ఇద్దరం గదా."

తిరుపతి ఇంకొక దండ తెప్పించి ఆమెకు కూడా ఇచ్చాడు. ఆ రోజు నుంచే రైల్ రోకో కూడా మొదలైంది. పన్నెండు దాటాక సీతారాములు ఫోన్ మోగింది. బాపిరాజు. ఫోటో భీమవరం దాకా చేరింది. బావమరిది అలిగి ఫోన్ ఎత్తడం లేదు. స్వయంగా వెళ్ళి సర్దిచెప్పుకుందామని భార్యతో పొద్దున రైలెక్కాడు.

"మీవాళ్ళు రైలు ఆపారండి" అన్నాడు బాపిరాజు. "మూడు గంటలైంది. ఈసారి నిజంగానే ఆగిపోయాను. చెబితే మా బావమరిది నమ్ముతాడా అసలు."

"యాడ ఆగింది?"

"భువనగిరిలో."

"అయితే దిగుండ్రి. స్టేషన్ ఎదురుంగనే మా చిన్నాయిన కొడుకు బక్కయ్య ఉంటడు. నేను ఫోన్ చేస్త, అన్నం పెడతడు. పట్టాల మీదున్నోళ్ళ తోటి ఏం వాదన పెట్టుకోకుండ్రి."

"ఏం వంటో కనుక్కుని చెబుతారా?"

"రాజుగారూ, నేను నిరాహార దీక్షల ఉన్న" అన్నాడు సీతారాములు.

పక్కన విన్న యాదలక్ష్మికి నవ్వు ఆగలేదు. దీక్షలో నవ్వకూడదన్నట్టు తిరుపతి ఇటు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దండ సర్దుకుని, రోడ్డు వైపు తిరిగి కూర్చుంది.